పిన్నులు కొట్టిన మధ్యయుగం

పిన్నుల మాస్టారికి చరిత్ర రాదు. ఆ మాట అతని మొహం మీద అనే ధైర్యం ఎవరూ చేయలేదు, చాటున అనాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు. ఎందుకంటే అతని దగ్గరికి వచ్చే పిల్లలకు చరిత్ర అక్కర్లేదు. కావలసింది చరిత్ర పరీక్ష. ఈ రెండింటికీ దూరపు చుట్టరికం కూడా లేదని ఆ వీధిలో మొట్టమొదట కనిపెట్టినవాడు మాస్టారే.

డ్రైక్లీనింగ్ షాపు పక్కనున్న ఇనప మెట్లెక్కితే అతని ట్యూషన్ గది. కింద ఇస్త్రీపెట్టె తడిబట్ట మీద ఆనినప్పుడల్లా ఆవిరి నేల పగుళ్లలోంచి పైకి తేలి పిల్లల పాదాలకు తగులుతుంది. ఆ గదిలో చదివి బయటపడ్డవాళ్లకు జీవితాంతం రోము పేరెత్తితే చాలు, ముక్కుకి మాడిన గుడ్డ వాసన కొడుతుంది.

గదిలో బ్లాక్‌బోర్డు కంటే పెద్దది చార్టు. ఒక గోడంతా అదే. నిలువుగా పాఠ్యపుస్తకంలోని పదహారు పాఠాలు, అడ్డంగా ఇరవై రెండేళ్లు. ఏ ఏడాది ఏ పాఠం నుంచి పది మార్కుల ప్రశ్న వచ్చిందో అక్కడ ఎర్ర చుక్క. పూజగదిలో దీపం వైపు చూసినట్టు మాస్టారు పొద్దున్నే దాని ముందు కాసేపు నిలబడతాడు. తర్వాత పిల్లల వైపు తిరిగి జాతకం చెబుతాడు.

"మంగోలులు వరసగా రెండేళ్లు వచ్చారు. అలిసిపోయుంటారు, ఈ ఏడు ఇంటిపట్టునే ఉంటారు. గ్రీకులు మూడేళ్లయి మొహం చూపించలేదు, ఆకలి మీదున్నారు, వచ్చి తీరతారు. ప్లేగు సరి సంవత్సరాల్లోనే వస్తుంది. ఇది బేసి."

పిల్లలు రాసుకుంటారు. ప్లేగు బేసి సంవత్సరంలో ఎందుకు రాదని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. అడిగేవాళ్లు అసలు ఆ మెట్లెక్కరు.

పరీక్షకి సరిగ్గా నెలరోజుల ముందు రివిజన్ మొదలవుతుంది. రివిజన్ అంటే అందరూ చదివింది మళ్లీ చదవడం అనుకుంటారు. మాస్టారి దగ్గర రివిజన్ అంటే చదవక్కర్లేనిదాన్ని మూసెయ్యడం. ఆ రోజు పిల్లలంతా పాఠ్యపుస్తకాలు పట్టుకుని వరసలో నిలబడతారు. మాస్టారు బల్ల ముందు కూర్చుని, పెద్ద స్టేప్లర్ తీసి, ఆ ఏడాది రాని పాఠాల పేజీలన్నీ దగ్గరికి నొక్కి అంచున పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి పిన్ను కొడతాడు. టక్, టక్, టక్. యుద్ధాలు చేసి, కోటలు కూల్చి, ఊళ్లు తగలబెట్టినా వందేళ్లకు గానీ పోని సామ్రాజ్యాలు అతని చేతిలో మూడు పిన్నులకి పోతాయి.

"మాస్టారూ, ఈ ఏడాది ఎవరెవర్ని పూడ్చారు?" అని కింద నుంచి డ్రైక్లీనింగ్ షాపతను కేకేస్తాడు.

"ఏడుగుర్ని."

"పాపం, పిల్లాజెల్లా ఉన్నవాళ్లేమో."

పిల్లలకి ఆ టక్కు చప్పుడంటే ప్రాణం. ఒక్కో పాఠం మూతపడినప్పుడల్లా భుజాల మీంచి ముప్పై పేజీల బరువు దిగిపోతుంది. మిగిలిన తొమ్మిది పాఠాలకీ మాస్టారి దగ్గర మందుంది. ఏ రాజు గురించి అడిగినా రోడ్లు వేయించెను, బావులు తవ్వించెను, పన్నులు తగ్గించెను. ఏ సామ్రాజ్యం ఎందుకు పతనమైనా వారసులు చేతకానివారు, ఖజానా ఖాళీ, సరిహద్దుల్లో శత్రువులు. ఈ మూడూ కంఠతా వస్తే ప్రపంచంలో ఎంతటి సామ్రాజ్యాన్నయినా పది మార్కులకి కూల్చెయ్యొచ్చు.

మరి అతని అంచనా నిజమవుతుందా అంటే, ఏటా సగం తప్పుతుంది. కానీ తప్పిందని ఎవరికీ తెలీదు. అది తప్పి ఫెయిలైన పిల్లలు మళ్లీ ఆ మెట్లెక్కరు, ఎక్కడో మొహం దాచుకుంటారు. పాసైనవాళ్లు తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ పంపుతారు. అలా ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోకి వచ్చేవాళ్లంతా అతని మాట తప్పదని విన్నవాళ్లే. దీనికి మాస్టారు పెట్టుకున్న పేరు అనుభవం.

ఈ అనుభవానికి పునాది అతని చిన్నతనంలోనే పడింది. చరిత్రలో రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ పుస్తకం మొత్తం చదివాడు. మూడోసారి కామెర్లతో మంచం పట్టి, నదీ నాగరికతలు, రోము, ఈ రెండు పాఠాలు మాత్రం తిప్పి వెళ్లాడు. ఆ రెండే వచ్చాయి. నలభై ఒక్క మార్కులు. ఇంకొకడైతే బతికిపోయాననుకుని ఊరుకునేవాడు. ఇతను మాత్రం చదివితే పోతుంది, ఎంచుకుంటే వస్తుంది అని సిద్ధాంతం కట్టాడు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ, పిన్ను కొట్టే పాఠాల్లో ఒక్కదాన్నీ అతను పూర్తిగా చదివిన పాపాన పోలేదు.

అతని భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజుకి డెబ్భై చేతుల్లోంచి రక్తం తీసి, గొట్టాల్లో పోసి, చూసి, కాగితం మీద అంకె వేసి ఇస్తుంది.

"నేను చూశాక చెప్తాను. మీరు చూడకముందే చెప్తారు. అందుకే వీధిలో బోర్డు మీకుంది, నాకు లేదు" అంటుంది.

వాళ్లకు ఒక్కతే కూతురు. ఆ ఏడాది ఆ పిల్ల పదో తరగతికొచ్చింది. తల్లిలా ల్యాబులో పనిచేయాలని దానికి పిచ్చి. సెలవుల్లో వెళ్లి గొట్టాలకు చీటీలు అంటించి వచ్చేది. ల్యాబ్ కోర్సులో సర్కారు సీటు రావాలంటే పదో తరగతి అన్ని సబ్జెక్టులూ ఒకే దెబ్బకి గట్టెక్కాలి. ఒక్కటి పోయినా ఆ ఏడాదికి సీటు లేదు. లెక్కలూ సైన్సూ పిల్లకి మంచినీళ్ల ప్రాయం. చరిత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం రాజులందరూ ఒకే మొహంతో కనపడేవాళ్లు. బడిలో పెట్టిన ఆఖరి మాదిరి పరీక్షలో ముప్పై ఎనిమిది వచ్చాయి. పాసుకి ముప్పై అయిదు. అంటే సీటుకీ ఇంటికీ మధ్య మూడు మార్కుల గోడ.

రివిజన్ మొదటి రోజున ఆ పిల్ల కూడా పుస్తకం పట్టుకుని వరసలో నిలబడింది. ట్యూషన్‌లో నాన్నా అనకూడదు, అందరిలాగే మాస్టారూ అనాలి, అది అతని నియమం.

ముప్పై తొమ్మిది పుస్తకాలు టకటకా అయిపోయాయి. నలభయ్యోది కూతురిది. మాస్టారు పుస్తకం తెరిచాడు. మంగోలుల పాఠం దగ్గరికొచ్చి, పేజీలు నొక్కిపట్టి, స్టేప్లర్ ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. మంగోలులు నిజంగా అలిసిపోయారా అన్న సంగతి ఇరవై రెండేళ్లలో మొదటిసారి అతని బుర్రలోకొచ్చింది. స్టేప్లర్ బల్ల మీద పెట్టి తెరిచి చూశాడు. నిండా పిన్నులున్నాయి. మూసి మళ్లీ తెరిచాడు.

"పిన్నులయిపోయినట్టున్నాయి. నీది రేపు చూద్దాంలే" అన్నాడు.

ముందు వరసలో కళ్లజోడు పిల్ల ఒకతి కూర్చుంటుంది. ఆ కళ్లద్దాలకి దూరపు చూపు బాగా అందుతుంది.

"పిన్నులున్నాయి కదా మాస్టారూ, ఇక్కణ్నుంచి కనపడుతున్నాయి."

గదిలో గుసగుస లేచింది. వెనక వరసలోంచి ఎవరో, "మా పుస్తకాలకైతే చాలాయిగా" అన్నారు. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. ముప్పై తొమ్మిది జతల కళ్లు ముందు స్టేప్లర్ వైపు, తర్వాత మాస్టారి వైపు, ఆఖరికి తమ ఒళ్లోని పుస్తకాల వైపు తిరిగాయి.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఇరుక్కుందనుకున్నా" అంటూ స్టేప్లర్‌ని రెండుసార్లు బల్లకేసి కొట్టి, కూతురి పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఏడు పాఠాలు, పాఠానికి మూడు పిన్నులు. ఇరవై ఒక్క టక్కులు. మామూలుగా కంటే గట్టిగానే కొట్టాడు. పరువు కదా.

పిల్ల పుస్తకం తీసుకుని, "థాంక్సు మాస్టారూ" అని వెళ్లి కూర్చుంది.

మూడు రోజుల తర్వాత డ్రైక్లీనింగ్ షాపతను మెట్ల కింద మాస్టారిని ఆపి, అరచెయ్యి చాపాడు. చేతినిండా వంకర తిరిగిన పిన్నులు.

"ఏంటి మాస్టారూ ఇది? మెట్లనిండా ఇవే. ఒకావిడ కోటు జారి కింద పడితే దానికి నాలుగు పట్టుకున్నాయి. మీ శవాలు లేచొస్తున్నాయా ఏంటి?"

మాస్టారికి అర్థమైంది. ఆ రోజు తన చెయ్యి ఆగడం చూసిన పిల్లలు, ఇంటికి పోయేదాకా కూడా ఆగకుండా, మెట్ల మీదే కూర్చుని గోళ్లతోనూ పెన్నుమూతలతోనూ పిన్నులు పీకేశారు. అతనికి ముందు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్ల చార్టుకి ఇదా మర్యాద అనుకున్నాడు. తర్వాత, ఎందుకో తనకే తెలీకుండా, కాస్త ఊపిరాడినట్టయింది. వీళ్లంతా పీకేశారంటే ఇంట్లోదీ పీకేసే ఉంటుంది. దానికి ఒకరు చెప్పాలా?

ఆదివారం మధ్యాహ్నం పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు సంచీలోంచి పుస్తకం తీసి చూశాడు. ఇరవై ఒకటికి ఇరవై ఒకటీ ఉన్నాయి. ఒక్కదాని కొస కూడా కదల్లేదు.

నోరు విప్పి తీసెయ్ తల్లీ అంటే అయిపోయేది. అంత చిన్న మాట గొంతు దాటాలంటే అంత పెద్ద చార్టు అడ్డం. అందుకని మాస్టారు సూచనల మార్గం పట్టాడు. పిన్నులు పీకే కొక్కెం తెచ్చి పిల్ల పెన్నుల డబ్బా పక్కన, కంటికి ఆనేలా పెట్టాడు. సాయంత్రం పిల్ల దాన్ని తెచ్చి చేతికిచ్చింది.

"నాన్నా, నీ కొక్కెం నా టేబుల్ మీద మర్చిపోయావ్."

మర్నాడు అన్నం దగ్గర, "పరీక్షకి ముందు పుస్తకం మొత్తం ఒకసారి తిరగేసుకోవడం మంచిదేలే" అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు.

"తిరగేశా నాన్నా. నువ్వు ఉంచిందంతా రెండుసార్లయింది."

తల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కూతురితో అంది, "ఆ పిన్నులు పీకి చదువుకోవే. నీ పుస్తకం, నీ ఇష్టం."

"అందరి ముందూ కొట్టాడమ్మా నాన్న. మిగతావాళ్లంతా తీసేశారని తెలుసు. నేను కూడా తీస్తే ఇంక నాన్న మాట నమ్మేవాళ్లెవరు?"

మాస్టారు నీళ్ల గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నీళ్లయిపోయినా దించలేదు.

పిల్ల లేచి వెళ్లాక భార్య గిన్నెలు సర్దుతూ అడిగింది. "ఒక్క మాట చెప్పండి చాలు, తీసేస్తుంది. మంగోలులు రారని మీకు నమ్మకమేనా?"

"చార్టు చూస్తే..."

"నేను చార్టుని అడగలేదు."

"నమ్మకం లేకపోతే కొడతానా?"

"ముందు చెయ్యి ఆగిందట కదా. మా ల్యాబుకి షుగరు పరీక్షకొచ్చినాయన చెప్పాడు. ఊళ్లో అందరికీ తెలుసు, మీకే తెలీదు."

మాస్టారు చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు. ఎక్కడికని అడిగితే ట్యూషన్ అన్నాడు. ఆ పూట ట్యూషన్ లేదు.

పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం పిల్ల గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల పిల్ల కళ్లు మూసుకుని గ్రీకుల నగరాలు వల్లెవేస్తోంది. చెప్పాల్సిన మాట దారిపొడుగునా సాధన చేసుకునే వచ్చాడు. అమ్మా, నాకు తెలీదు. మూడే మాటలు. సామ్రాజ్యాలు కూల్చే మూడు కారణాలు నిద్రలో కూడా చెప్పగలడు గానీ, ఈ మూడు మాటలూ మాత్రం రాలేదు.

పిల్ల కళ్లు తెరిచింది. "ఏంటి నాన్నా?"

"నీళ్ల సీసా నింపుకున్నావా?" అన్నాడు.

మర్నాడు పరీక్ష బడి గేటు బయట తల్లిదండ్రులతో పాటు మాస్టారూ నిలబడ్డాడు. గంట కొట్టగానే పిల్లలు తోసుకుంటూ వచ్చారు. కళ్లజోడు పిల్ల అతన్ని చూసి ఉత్సాహంగా, "మంగోలులు వచ్చారు మాస్టారూ, ప్లేగు కూడా. రెండూ ఫుల్లుగా రాశాం" అని, ఆ మాటకి అర్థమేంటో సగం దారిలో గుర్తొచ్చి, కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టింది. మూతపడ్డ ఏడు పాఠాల్లో అయిదు లేచొచ్చాయి. నూటికి అరవై మార్కులు వాటివే. ప్రశ్నపత్రం రాసిన మహానుభావుడెవరో ఆ చార్టు చూసుండడు. చూసుంటే ఇంత అన్యాయం చేసేవాడు కాదు.

అందరూ వెళ్లిపోయాక ఆఖర్న కూతురొచ్చింది. పరీక్ష అట్టా పెన్నూ గుండెకి ఆనించుకుని ఉంది. తండ్రి మొహం చూసి ముందు తనే మాట్లాడింది.

"గ్రీకులు రాలేదు నాన్నా. వచ్చే ఏడాది వస్తారేమోలే."

ఓదారుస్తున్నది ఎవర్నో తెలుసుకోవడానికి అతనికి రెండు వీధుల నడక పట్టింది.

ఫలితాలొచ్చాయి. ముప్పై తొమ్మిదిమందీ పాస్. పిల్లకి లెక్కల్లో తొంభై ఆరు, సైన్సులో తొంభై రెండు, చరిత్రలో ముప్పై ఒకటి. సర్కారు సీటు ఆ ఏడాదికి పోయింది. పిల్ల ఆ రోజంతా తల్లి ల్యాబు చీటీల కట్ట ముందేసుకుని, ఒక్కోదాన్నీ సమానంగా కత్తిరించింది. ఏడవలేదు. తల్లి రిపోర్టు చూశాక మాట్లాడే మనిషి, ఈ రిపోర్టు మీద మాత్రం మాట్లాడలేదు. మాస్టారికి అది తిట్టు కంటే ఘోరం.

వీధిలో మాత్రం మాస్టారి పేరు మోగిపోయింది. ఇరవై రెండేళ్లలో బ్యాచి మొత్తం పాసవడం ఇదే మొదటిసారి. ఇంటి పిల్ల ట్యూషన్ లెక్కలోకి రాదని వీధే తీర్మానించింది. అతను కాదనలేదు. నూటికి నూరు శాతం అని పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీ వేయించాల్సిందేనని పెద్దలు పట్టుబట్టారు. ఫ్లెక్సీ షాపువాడు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, వరసకి పది చొప్పున నలభై గళ్లు కొట్టాను. ఫొటోలు ముప్పై తొమ్మిదే ఉన్నాయి. ఒకటి బోసిగా ఉంది, ఏం వెయ్యమంటారు?"

మాస్టారు "నాది వెయ్యి" అన్నాడు.

వేశాడు. తన మాట విననందువల్ల పాసైన ముప్పై తొమ్మిదిమంది పక్కన, విన్న ఒక్కదాని గడిలో, మాస్టారు చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

తప్పినవాళ్లకి మళ్లీ పరీక్ష నెలన్నరలో పెట్టారు. ఒక పొద్దున ట్యూషన్ గదిలో ఇంకెవరూ లేనప్పుడు పిల్ల పుస్తకం పట్టుకొచ్చి చార్టు కింద కూర్చుంది. కింద ఇస్త్రీ మొదలైంది, ఆవిరి పైకొస్తోంది.

"ఈసారి ఏవొస్తాయి నాన్నా?"

మాస్టారు అలవాటుగా చార్టు వైపు తిరిగాడు. ఈ ఏటి గడులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఎర్ర పెన్ను పట్టుకునే ధైర్యం చాలలేదు.

"తెలీదమ్మా."

"చార్టు చూసి చెప్పు."

"దానికీ తెలీదు. ఎప్పుడూ తెలీదు."

పిల్ల పుస్తకం మీంచి తలెత్తింది. "మరి గుమ్మం దగ్గర నిలబడ్డావు కదా ఆ రోజు. అప్పుడు చెప్పొచ్చుగా."

"చెబుదామనే వచ్చా."

"నీళ్ల సీసా గురించి అడిగావు."

"ఊఁ."

పిల్ల పుస్తకం తండ్రి ముందుకి తోసింది. మాస్టారు కొక్కెం తీసి ఒక్కో పిన్నూ పీకడం మొదలెట్టాడు. పరువు కోసం గట్టిగా కొట్టినవి కదా, ఓ పట్టాన ఊడలేదు. రెండుచోట్ల వేలు చీరుకుంది. ఇరవై ఒక్క పిన్నులూ టీ సాసర్లో పడ్డాక, మంగోలుల పాఠం మొదటిసారి గాలి పీల్చుకుంది.

తండ్రీకూతుళ్లు చెరో పేరా పైకి చదివారు. వార్త మోసే రౌతులకి దారిపొడుగునా మజిలీలుండేవనీ, ప్రతి మజిలీలో జీను కట్టిన గుర్రాలు సిద్ధంగా ఉండేవనీ చదివి మాస్టారు ఆగిపోయాడు.

"ఇది ఎప్పుడు పెట్టారు పుస్తకంలో?"

"మొదట్నుంచీ ఉందేమో నాన్నా."

ఉంది. ఏటేటా నలభై పుస్తకాల్లో అతనే ఆ పేజీల్ని మూశాడో తెరిచాడో, చదవడం మాత్రం చదవలేదు. ఆ పూట అతను మంగోలులయ్యాక ప్లేగు దాకా వెళ్లాడు. ప్లేగు ఏయే సంవత్సరాల్లో వచ్చిందో చూసి, వాటిలో బేసివీ ఉండటం గమనించి, పేజీ తిప్పేశాడు.

పిల్ల యాభై ఎనిమిదితో పాసైంది. సీటు సంగతి ఆ ఏటికి ముగిసిన కథే. ఏడాది ఖాళీగా ఎందుకని తల్లితో ల్యాబుకి వెళ్లి చీటీలంటిస్తోంది.

దీంతో మాస్టారు మారిపోయాడనుకుంటే పొరపాటు. ఫ్లెక్సీ మహిమ వల్ల కొత్త ఏడాది అరవైమంది చేరారు. రివిజన్ రోజున అతను ఒక్కసారి, నిజంగా ఒక్కసారి, "ఈ ఏడు అన్నీ చదవండి" అని చూశాడు. కొడుకుని వెంటబెట్టుకొచ్చిన ఒక తండ్రి నవ్వేశాడు.

"అన్నీ చదవడానికైతే మీ దాకా ఎందుకు మాస్టారూ? ఇంట్లోనే చదూకుంటాడుగా. కానివ్వండి, పిన్నులు కొట్టండి."

అరవై పుస్తకాలు వరసలో నిలబడ్డాయి. మాస్టారు స్టేప్లర్ తీశాడు. కాకపోతే ఇదివరకు మూడు కొట్టే చోట ఒక్కటే కొట్టాడు, అదీ మరీ అంచున, పేజీలు సరిగా నొక్కకుండా, గోరు తగిలితే ఊడేలా. టక్కు చప్పుడు మాత్రం ఎప్పట్లాగే గట్టిగా వినపడేలా చూసుకున్నాడు. తల్లిదండ్రులు తృప్తిగా మెట్లు దిగారు.

సాయంత్రం కింద నుంచి కేక వినపడింది. "మాస్టారూ, ఈ ఏడాది మీ శవాలు మొదటి రోజే లేచొచ్చాయి. మెట్లనిండా పిన్నులే."

మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఊడ్చెయ్" అన్నాడు.